ప్రతిధ్వని వంతు

మధ్యాహ్నం గంట కొట్టగానే ఒర్సీనాకు గుండెల్లో రాయి పడింది. బ్రెషా పట్నంలో ప్లేగు వచ్చిన దగ్గర్నుంచీ రోజూ ఆ వేళకు తనిఖీ అధికారి వీధిలో నిలబడి, రోగం అనుమానంతో తలుపులకు మేకులు కొట్టిన ఇళ్లవాళ్లను కిటికీల దగ్గరికి పిలుస్తాడు. ఒక్కరు కనబడకపోయినా బండి వస్తుంది. ఆ బండెక్కి ఊరిబయటి ప్లేగు పాకలకు వెళ్లి తిరిగొచ్చినవాణ్ణి ఆమె ఒక్కణ్ణి కూడా ఎరగదు.

ఆమె అన్న ఫౌస్టినో మూడు రోజులుగా లోపలి గదిలో ఒళ్లు తెలియని జ్వరంతో పడి ఉన్నాడు.

"మీ అన్నేడమ్మా?" కింద నుంచి లత్తాన్జియో అడిగాడు. ప్లేగు రాకముందు ఆయన చర్చిలో వయొలిన్ వాయించేవాడు. ఇప్పుడు చేతిలో అధికారి కర్ర ఉంది.

"సాధన చేస్తున్నాడండీ, కొత్త సొనాటా. అన్నయ్యది ప్రతిధ్వని వంతు కదా, లోపలుండే వాయించాలి."

"అయితే వినిపించండి."

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఒర్సీనా ఆడినదాన్ని అతికించడానికి కాళ్లు కూడా కావాలి. ఆ సొనాటాలో ముందు వయొలిన్ ఒక వరస పలికి ఆగుతుంది. చాటునున్న రెండోది దాని చివరి స్వరాలను మెల్లగా తిరిగి పలుకుతుంది. బాబాయి బోర్తోలో గోడవారన కూర్చుని పెద్ద బేస్ వయొలిన్ మీద కింది స్వరం సాగదీశాడు. కిటికీ దగ్గర ఆమె వాయించింది. చెప్పుల్లేకుండా లోపలికి పరుగెత్తి, అన్న మంచం పక్కన గోడవైపు తిరిగి మెల్లగా వాయించింది. మళ్లీ కిటికీ, మళ్లీ మంచం. చెమటకు కమాను జారిపోతోంది. ఒకచోట వేలు తడబడి గమకం వంకర పోయింది. కంగారులో ప్రతిధ్వనికీ అదే వంకర వేసింది.

సొనాటా ముగిసింది.

"గమకం ఎవరి చేతిది వాళ్లకుంటుందమ్మాయ్," అన్నాడు లత్తాన్జియో. "తప్పు కూడా అంతే. నీ తప్పు మీ అన్నకెట్లా అంటుకుంది?"

బాబాయి కమాను కింద పెట్టి సిలువ గుర్తు వేసుకున్నాడు.

అధికారి వీధి అటూ ఇటూ చూసి, ఎవరూ వెళ్లకూడనంత దగ్గరగా కిటికీ కిందికి జరిగాడు.

"ముగ్గురూ క్షేమమని రాసుకుంటున్నా. రేపు నేను రాను, మా పై అధికారి వస్తాడు. వాడికీ చెవులున్నాయి. ప్రతిధ్వనిని కాస్త వెనకబడి వాయించు. మీవాడు తాళంలో ఎప్పుడూ వెనకే కదా."

కర్ర చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా ఒర్సీనా కదల్లేదు. కిటికీ మూస్తుంటే లోపలి నుంచి ఎండిపోయిన గొంతు వినబడింది.

"నేనెప్పుడు వెనకబడ్డానే?"

మూడు రోజుల తర్వాత అన్న నోట వచ్చిన మొదటి మాట అది. ఒర్సీనా వయొలిన్ ఒళ్లో పెట్టుకుని గుమ్మంలోనే కూలబడింది.

"ఎప్పుడూను, అన్నయ్యా," అంది ఏడుస్తూ. "రేపు కూడా నా వెనకే రా."