గది చప్పుడు

మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలు. రేకుల మీద వాన.

అతను వేలెత్తి పెదవుల మీద పెట్టుకున్నాడు. ఆవిడ మాట ఆపేసింది.

జరిగింది ఇంతే.

అతన్ని ఇంట్లో 'ఎందుకయ్య' అని పిలిచేవాళ్లు. ఏడేళ్లప్పుడు గడియారం విప్పాడు, ముళ్లు ఎందుకు తిరుగుతాయో చూద్దామని. మళ్లీ బిగిస్తే రెండు చక్రాలు మిగిలాయి. గడియారం నడిచింది — వేళ తప్పు చూపిస్తూ.

తర్వాత రెండేళ్లు రసాయనశాస్త్రం. ఏడాది మ్యాపులు గీయడం. ఒక వేసవంతా తేనెటీగలు.

'పది చోట్ల తవ్వావు, ఒక్క చోటా నీళ్లు పడలేదు కదరా' అంది అక్క.

నీళ్లు పత్రికాఫీసులో పడ్డాయి. అక్కడ అడగడమే పని. పన్నెండేళ్లు అడిగాడు. అచ్చులో మనిషి గొంతు వినపడదని తోచి, కెమెరా కొన్నాడు.

మొదటి డాక్యుమెంటరీ ఒక నూలు మిల్లు మీద. ముప్ఫయ్యేళ్ల కిందట అక్కడ గోడౌను అంటుకుంది. తలుపుకి బయట గడియ పెట్టి ఉంది. లోపల తొమ్మిది మంది.

గడియ ఎవరు పెట్టారు?

గేటు వాచ్‌మన్‌ని ఒకసారి అడిగాడు. అతను కెమెరా ముందుకు రానన్నాడు.

మిల్లులో టెలిఫోన్ ఆపరేటరుగా చేసిన ఆవిడ ఒప్పుకుంది. ఆవిడ సీటు పక్క కిటికీలోంచి ఆ తలుపు కనిపించేది. ఇప్పుడు డెబ్భై ఎనిమిదేళ్లు. రేకుల ఇల్లు. రెండు రోజులు వాన... రెండు రోజులు మాటలు.

'గడియ పెట్టింది వాచ్‌మనే బాబూ.' ఆగింది. 'బోర్డు మీద దీపం వెలిగింది.' మళ్లీ ఆగింది. 'నేను కళ్లారా చూశాను.'

అన్నీ అయ్యాక, సౌండ్ రికార్డు చేసే అమ్మాయి హెడ్‌ఫోన్లు సర్దుకుంది.

'గది చప్పుడు కావాలి సార్. ఒక్క నిమిషం.'

ఏ గది మౌనం ఆ గదిదే. మాటలు కోసి అతికించిన చోట ఆ మౌనం పరిస్తే అతుకు వినపడదు. ఆ నిమిషం ఎవరూ మాట్లాడకూడదు.

ఎవరూ మాట్లాడలేదు. రేకుల మీద వాన...

పంతొమ్మిదో సెకనులో ఆవిడ నోరు తెరిచింది.

'అది కాదు బాబూ —'

వేలు. పెదవుల మీద.

నిమిషం అయింది. వైర్లు చుట్టారు.

'ఆవిడేదో చెప్పబోయారు సార్' అంది సౌండ్ అమ్మాయి, మెల్లగా.

'మళ్లీ వస్తాంగా.'

నాలుగున్నరకి రైలు. ఆవిడ గుమ్మం దాకా వచ్చింది. 'వాన ముదిరేలా ఉంది. వెళ్లిరండి నాయనా' అంది.

పదకొండో రోజున ఆవిడకి మాట పడిపోయింది.

అతను వెళ్లాడు. 'ఏం చెప్పబోయారు పిన్నిగారూ?' అని అడిగాడు. ఆవిడ ఎడమ చెయ్యి దుప్పటి అంచు సవరించింది. మళ్లీ సవరించింది. రేకుల మీద ఎండ.

నెల తిరక్కుండా పోయింది.

సినిమా ఆగలేదు. దీపం మాట ఉన్న ముక్క అసలు విషయానికి అడ్డమనిపించింది. తీసేశాడు. 'వాచ్‌మనే బాబూ.' 'నేను కళ్లారా చూశాను.' రెండింటి మధ్యా వాన పరిచాడు — ఆ నిమిషంలోంచి తీసిన వాన. తను ఆవిడ నోరు మూయించాక కురిసిన వాన.

అతుకు వినపడలేదు.

రెండు చక్రాలు మిగిలాయి. సినిమా నడిచింది.

సినిమా వేసిన పదో రోజున, పొద్దున పదకొండింటికి, ఎడిటింగ్ గదికి వాచ్‌మన్ కూతురు వచ్చింది. ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ చీరలోనే వచ్చింది.

'మా నాన్న వీధి గుమ్మం దాటి వారమైందండీ. టీ కొట్టతను గ్లాసు చేతికివ్వకుండా బల్ల మీద పెట్టాడట. ఆవిడ చెప్పిందంతా వినిపించండి. కోయకుండా.'

వినిపించాడు.

దీపం దగ్గర ఆమె చెయ్యెత్తింది.

'దీపం వెలగడమంటే ఫోన్ వచ్చిందనేగా. గడియ పెట్టమని ఫోన్లో చెప్పారని నాన్న అప్పుడే మొత్తుకున్నాడు. ఎవరూ రాసుకోలేదు. గేటుకి ఫోను కలిపింది ఆవిడే. ఆ ఫోన్ ఎవరిదో ఆవిడకి తెలిసుండాలి.'

'కావచ్చు.'

'కావచ్చా? సినిమాలో కావచ్చు అనలేదే మీరు.'

అతను ఆ గది చప్పుడు నిమిషం కూడా పెట్టాడు. పెట్టమని ఆమె అడగలేదు.

ఆమె వింది.

'అది కాదు అందిగా. ఆ తర్వాత ఏం చెప్పబోయింది?'

'తెలీదమ్మా.'

'అప్పుడే ఎందుకు అడగలేదు?'

ఎందుకు...

ఆ మాట ఇన్నేళ్లూ అతను అడిగింది.

ఆమె కుర్చీ ముందుకు లాక్కుంది. 'మళ్లీ పెట్టండి.'

పెట్టాడు.

పంతొమ్మిదో సెకనులో, 'అది కాదు బాబూ —'

ఇరవయ్యో సెకను నుంచి అరవయ్యో సెకను దాకా, రేకుల మీద వాన.