సెలవు ముగియక ముందే

పైపులూ కుళాయిలూ అమ్ముకుని బతికేవాణ్ణి. ఏ విషయమైనా ముందు వచ్చేదెంత, పోయేదెంత అని చూడటం నాకు అలవాటు. మా బావ సంగతిలో మాత్రం ఎటు నుంచి లెక్క వేసినా ఒక్క రోజే తేడా వస్తోంది.

బావ అంటే మా చెల్లెలి భర్త. సైన్యంలో పని. సెలవు మీద ఇంటికొచ్చి తిరిగి యూనిట్‌కు వెళుతుంటే బస్సు లోయలో పడింది. వెన్నెముక దెబ్బతిని నడుము కింద స్పర్శ పోయింది. సైనికుల పునరావాస కేంద్రంలో చేరిస్తే, అదీ కాళ్లు బిగుసుకుపోక ముందే చేరిస్తే, కర్రల సాయంతోనైనా నిలబడవచ్చని డాక్టరు చెప్పాడు. అలాంటి చోటు మా రాష్ట్రంలో ఇంకొకటి లేదు.

కొత్తగా వచ్చిన రాష్ట్ర చట్టం ప్రకారం విధుల్లో గాయపడ్డవాళ్లకు అక్కడ మంచం ఇవ్వాలి. సెలవు చివరి రోజున చేసే తిరుగు ప్రయాణం కూడా విధుల కిందికే వస్తుంది. బావ అంతకు ముందు రోజే బయల్దేరాడు. ఆయన ఎప్పుడూ అంతే. ముందుగా చేరి, బూట్లు మెరిసేలా తుడుచుకుని, మర్నాడు వరుసలో నిలబడాలి. ఆ పొద్దున చెల్లెలు "రేపు వెళ్లకూడదా?" అంటే, "దారిలో బస్సు ఆగిపోతే?" అన్నాడట.

సైనిక సంక్షేమ కార్యాలయంలో గుమాస్తా మంచివాడే. కౌంటరు దగ్గర నిలబడి బేరానికి దిగాను.

"సమయానికి వెళ్లినవాడికి ఇస్తారు, ఇంకా ముందే వెళ్లినవాడికి ఇవ్వరు. ఈ సంగతి మా కొట్లో పనివాళ్లకు తెలిస్తే రేపటి నుంచి మధ్యాహ్నం వస్తారండీ."

ఆయన నవ్వాడు. వెంటనే మొహం దించుకున్నాడు. "నా చేతిలో ఉంటే ఈపాటికి అయిపోయేది. త్వరగా రమ్మని పైవాళ్లెవరైనా పిలిచారా? పిలిచి ఉంటే అది పనికొస్తుంది."

నాకంత సందు చాలు. బావ పై అధికారికి ఫోన్ చేసి కాళ్లావేళ్లా పడ్డాను. ఆయన కాసేపు నీళ్లు నమిలి, "సరే, పిలిచానంటాను. కానీ వాళ్లు అతణ్ణి కూడా అడుగుతారు," అన్నాడు.

ఇంటికొచ్చి బావ మంచం పక్కన కూర్చున్నాను.

"ఒక్క మాట బావా. పిలిచారు అను. అంతే."

"పిలవలేదుగా."

"పిలిచానంటానని మీ పై అధికారే ఒప్పుకున్నాక నీకేం?"

చెల్లెలు ఆయన పాదాలు ఒత్తుతోంది. "నా కోసం అనండి," అంది. బావ తలూపాడు. నేను అధికారిలా గొంతు పెంచి, "ముందే ఎందుకు బయల్దేరావ్?" అన్నాను. "పిలిచారు సార్." "ఎవరు?" "మా బావమరిది సార్." ప్రమాదం జరిగాక చెల్లెలు నవ్వగా చూడటం అదే మొదలు.

మర్నాడు ఫోన్ వచ్చింది. చెల్లెలు అందరికీ వినపడేలా పెట్టింది. సంక్షేమాధికారి కూడా ఒకప్పటి సైనికుడే. బావను హోదాతో సహా గట్టిగా పిలిచాడు. పడుకున్న మనిషి పడుకున్నట్టే బిగుసుకున్నాడు. చేతులు ఒంటికి ఆనించి, గడ్డం పైకెత్తాడు.

"సెలవు ఉండగానే ఎందుకు బయల్దేరావు? ఎవరైనా పిలిచారా?"

"లేదు సార్. నేనే బయల్దేరాను సార్."

నేను రెండు చేతులూ ఊపాను. చెల్లెలు ఆయన భుజం పట్టుకుంది.

"బాగా గుర్తు తెచ్చుకుని చెప్పు." ఈసారి గొంతు మెత్తబడింది. దారి చూపిస్తున్నాడని నాకు అర్థమైంది.

"ఎవరూ పిలవలేదు సార్."

"సరే. ఆరోగ్యం చూసుకో," అని ఫోన్ పెట్టేశాడు.

తిట్టబోయి ఆయన మొహం చూశాను. గడ్డం ఇంకా కిందికి దిగలేదు. "అనాలనే అనుకున్నాను బావా. ఆ గొంతు వినేసరికి నోరు దానంతటదే తెరుచుకుంది," అన్నాడు నాతో.

"మళ్లీ ఫోన్ చేద్దాం," అన్నాను.

"చేసి ఏమంటావు అన్నయ్యా?" అంది చెల్లెలు.

ఎంత మొండి బేరమైనా ఎదుటివాడు ఎక్కడో ఒకచోట దిగుతాడు. ఇక్కడ దిగాల్సినవాడే లేడు. గుమాస్తా మంచివాడు, అధికారి మంచివాడు, చట్టం మాలాంటివాళ్ల కోసం చేసిందే.

చెల్లెలు దుప్పటి తీసి, రోజూలాగే బావ మోకాలి కింద చెయ్యి పెట్టింది. కాసేపు ప్రయత్నించి నన్ను పిలిచింది. "నిన్నటి కంటే గట్టిగా ఉందా, లేక నాకే అలా అనిపిస్తోందా, చూడు."

పట్టుకుని వంచబోయాను. సగం వంగి ఆగిపోయింది. "నీకే అనిపిస్తోంది," అన్నాను.