దారిమళ్లింపు సందేశము

కార్తికమాసపు అపరాహ్ణమున తూర్పుదిక్కున నీలాంజనసన్నిభములగు మేఘములు కొండలవలె పేరుకొనుచుండ గాలి యొక్కపరి స్తంభించియు మరియొక్కపరి విసరియు నిలుకడ యెరుగక తిరుగుచుండ ఫేనమాలికాభీషణమగు సముద్రము రేవుగట్టును మాటిమాటికి మోదుచుండెను. ఆ రేవునందలి తుపాను హెచ్చరికల కార్యాలయమున సర్వరును కనిపెట్టుకొనియుండు సువర్చల యను యువతి ఉదయము నుండి పదునాలుగు హెచ్చరికలు పంపి అన్నియు పడవలకు చేరినవని తలంచియుండెను.

అంతలో మత్స్యకారుల పెద్ద నూకరాజు తడికాళ్లతో గడప దాటివచ్చి "అమ్మా, గట్టుమీదున్న నా పడవలో కబుర్లందే మిషనుకి పొద్దున్నించి ఒక్క కబురూ రాలేదండి. మావోళ్లు నలభై పడవలేసుకుని వేటకెళ్లిపోయారండి" అనెను.

సువర్చల వెంటనే సర్వరులోని మార్గముల పట్టిక తెరచి చూడగా దగ్గరిదారి యిదియేయని ఎవ్వడో కపటి పంపిన దారిమళ్లింపు సందేశమును సర్వరు నిజమని నమ్మి హెచ్చరికలనెల్ల అపరిచితమగు యంత్రమునకు ధారపోయుచుండెను. అందినవని పడవల పేర దొంగజవాబులు ఆ యంత్రమే పంపుచుండెను. ఆమె ఆ దొంగదారిని తుడిచివేసెను. రెండు నిమిషములు గడువకమునుపే అట్టి సందేశము మరల వచ్చెను. సర్వరు మరల నమ్మెను. ఇట్టివానిని నమ్మకుండ దానికి కట్టడిచేయుట వేసవిలోనే తన పనియై యుండగా ఈ చిన్న కార్యాలయముపై ఎవని కన్ను పడునని తాను వాయిదావేసిన సంగతి ఆమె మనసున ములుకువలె నాటెను.

"ఇప్పుడు సెట్టింగులు ముట్టుకోకమ్మా. ఉన్న లైను కూడా పోతే ఏం చేస్తాం?" అని అధికారి కోదండపాణి వారించెను.

"ఉన్న లైను దొంగ చేతిలో ఉందండి" అని ఆమె కుర్చీ ముందునకు లాగుకొనెను.

దారిమళ్లింపు సందేశములను అంగీకరింపకుండునట్లును పంపినవాడే దారి నిర్ణయించిన ప్యాకెట్లను అనగా సందేశపు తునుకలను త్రోసిపుచ్చునట్లును ప్రతి ప్యాకెట్టు తాను రాదగిన దిక్కునుండియే వచ్చినదా యని పరీక్షించునట్లును ఆమె ఆజ్ఞలు వ్రాసెను. మీట నొక్కబోయి చేయి నిలిపెను. పడవల జవాబులు వేరొకదారిన ఉపగ్రహపు లైనుగుండ వచ్చును గదా! పరీక్ష కఠినమైనచో అవియు తిరస్కరింపబడును. ఆ యొక్క లైనునకు మాత్రము నిబంధన సడలించి మీట నొక్కెను.

కపటసందేశము మరల వచ్చెను. సర్వరు లెక్కసేయదయ్యెను. హెచ్చరికలు కదలెను. అందినదను గుర్తులు ఒకటొకటిగ తెరపై వెలుగ నూకరాజు వానిని వ్రేలితో ఎంచుచుండెను.

సంధ్యకు ముప్పదితొమ్మిది పడవలు రేవు చేరెను. నలుబదియవది మరునాటి యుదయమున విరిగిన ఇంజనుతో వెదుకబోయిన వేరొక పడవకు కట్టబడి వచ్చెను. దానినుండి చేయి విరిగిన అల్లుని దింపుచు ఆ పడవ నడుపు వృద్ధసరంగు "కబురందిందమ్మా. కాస్త ముందే అందుంటే బాగుండేది" అని ఉప్పునీరు కారుచున్న చేతులెత్తి మ్రొక్కెను. ఆ మాటలో నిందయే లేదు. ప్రతినమస్కారమునకు సువర్చల చేతులు లేవవయ్యెను.