విన్నవారి గడి

కాలేజీలో చేరబోయే పిల్లలకి ఎండాకాలంలో మూడు వారాల కోర్సులు ఉచితంగా చెబుతామని ఉత్తరం వచ్చింది. ఉచితం అనగానే అమ్మ కళ్ళద్దాలు తుడుచుకుని ఇంకోసారి చదివింది, ఎక్కడో ఏదో మెలిక ఉండే ఉంటుందని. మెలిక ఉంది. ప్రతి కోర్సులోనూ ఊరికి పనికొచ్చే పని ఒకటి చెయ్యాలి, లేకపోతే సర్టిఫికెట్ ఇవ్వరు. "అంటే వెట్టిచాకిరీ అన్నమాట," అని తేల్చేసి, అయినా సరే వెళ్ళమంది. సెలవులన్నీ నేను మంచానికి అంటుకుపోయి ఉంటానని ఆవిడ భయం. అందులో న్యాయం లేకపోలేదు.

నేను వెళ్ళేసరికి ఫొటోగ్రఫీ నిండిపోయింది, నాటకం నిండిపోయింది. మిగిలింది పటాల తయారీ. పదకొండుమందిమి చేరాం, పదకొండుమందిమీ ఇంకోదానికోసం వచ్చినవాళ్ళమే. ఆ సంగతి మేడమ్ మా ముఖాల్లోనే చదివేసింది. చాక్‌పీసు అరిగి గోరంతయ్యాక కూడా పారెయ్యని మనిషి ఆవిడ. మొదటిరోజే ఒక్కటంటే ఒక్క నియమం పెట్టింది. పటం మీద చుక్క పెట్టేముందు దాని తేదీ రాయాలి. తేదీ లేని చుక్క కనిపిస్తే మాట్లాడకుండా రబ్బరు తీసి చెరిపేసేది.

మాకు ఇచ్చిన పని నీటి సరఫరా ఆఫీసుది. మా వార్డులో భూమిలోపలి పైపులు నాలుగేళ్ళలో ఎక్కడెక్కడ కారాయో వాళ్ళ రిజిస్టర్లు చూసి పటం మీద పెట్టాలి. దాన్నిబట్టి ఏం మార్చాలో ఆఫీసు నిర్ణయిస్తుంది. ఆ మాట వినగానే నాకు నీరసం వచ్చింది. మా వార్డులో కారే చోటు పట్టేది మా నాన్నే.

ఊళ్ళో ఆయన్ని స్టెతస్కోపు అంటారు. ఆయన పనిముట్టు ఒక ఇనుప కడ్డీ, దాని పైకొసన చెవికి ఆనించుకునే ఇత్తడి గిన్నె. తెల్లవారి బళ్ళు రోడ్డెక్కకముందే వెళ్ళి, కడ్డీ మొన నేలమీద పెట్టి, గిన్నె చెవికి ఆనించి వింటాడు. లోపల నీళ్ళు కారుతుంటే సన్నగా చప్పుడొస్తుంది. చప్పుడు ఎక్కువైన చోట చాక్‌పీసుతో ఇంటూ గుర్తు పెడతాడు. వెనకాల మేస్త్రి వచ్చి అక్కడ తవ్విస్తాడు. తరవాత రిజిస్టర్లో రాస్తారు: తేదీ, చోటు, ఏం దొరికింది. చివరి గడి పేరు 'విన్నవారు'. ఆ గడిలో ఎప్పుడూ ఆయన సంతకమే.

రెండోరోజు మేడమ్ ఆయన్నే మా క్లాసుకి పిలిపించింది. కడ్డీ భుజాన పెట్టుకుని వచ్చి గంటసేపు అనర్గళంగా మాట్లాడాడు. చివర్లో ఒకమ్మాయి, "వాన పడుతుంటే కూడా వినపడుతుందా అంకుల్?" అని అడిగింది. "ముప్ఫై ఒక్క ఏళ్ళయిందమ్మా," అన్నాడు నాన్న. క్లాసంతా నవ్వింది, జోకేశాడనుకుని. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటికెళ్ళి అమ్మతో చెబితే, "ఆయన నా మాట మాత్రం ఎప్పుడు విన్నాడు గనక," అంది.

రెండోవారానికి రిజిస్టర్ల పని ముగిసింది. మొదటి రెండేళ్ళకి నీలం చుక్క, తరవాతి రెండేళ్ళకి ఎరుపు చుక్క పెట్టమంది మేడమ్. మా వీధుల వాటా నాకే పడింది. పైపులకి ఎక్కడ జాయింట్లున్నాయో అచ్చు పటంలో చిన్న గీతలతో చూపించి ఉంది. నీలం చుక్కలు అరవై ఒకటి. అందులో పంతొమ్మిది జాయింట్లకి దూరంగా, పైపు మధ్యలో ఉన్నాయి. ఎర్ర చుక్కలు నలభై మూడు. నలభై మూడూ జాయింట్ల మీదే ఉన్నాయి. ఒక్కటి కూడా అటూ ఇటూ లేదు.

ముందు నా పని నీటుగా వచ్చిందని సంతోషించాను. తరవాత పెన్సిలు కింద పెట్టేశాను. మా వార్డు పైపులు వేసినవాళ్ళలో నాన్న ఒకడు. అప్పటికి ఆయనకి పెళ్ళి కూడా కాలేదు. ఏ గుమ్మం ముందు ఏ జాయింటు ఉందో కళ్ళు మూసుకుని చెబుతాడు. నా పుట్టినరోజు ఆయనకి ఎవరో గుర్తుచెయ్యాలి, జాయింట్లకి ఎవరూ అక్కర్లేదు. పాతపడ్డ పైపు ముందు జాయింటు దగ్గరే వదులవుతుంది కాబట్టి, ఫిర్యాదు వచ్చిన ఇంటికి దగ్గర జాయింటు మీద ఇంటూ పెడితే చాలాసార్లు సరిపోతుంది. సరిపోని ఇళ్ళకి రిజిస్టర్లో 'ఏమీ లేదు' అని ఉంది. అటువంటివి రెండేళ్ళకి ముందు దాదాపు లేనే లేవు.

ఆ సాయంత్రం నాన్న వరండాలో కూర్చుని కడ్డీకి నూనె రాస్తున్నాడు. నేను వెనకాల నాలుగడుగుల దూరంలో నిలబడి, మామూలు గొంతుతో, "నాన్నా, ఇల్లు తగలబడుతోంది," అన్నాను. అమ్మ వంటింట్లోంచి గరిటెతో పరిగెత్తుకొచ్చింది. నాన్న నూనె రాస్తూనే ఉన్నాడు. అమ్మ ఆయన్ని చూసింది, నన్ను చూసింది, గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆయన తన మాట వినడని పాతికేళ్ళుగా సాధిస్తున్న మనిషి, అందులో రెండేళ్ళు అన్యాయంగా సాధించానని అప్పుడే తెలుసుకుంది.

పటం సంగతి అమ్మకి మాత్రం చెప్పాను. అమ్మ నన్ను పెరట్లోకి లాక్కెళ్ళింది.

"అన్ని చుక్కలూ ఒకే రంగు వేస్తే ఏం పోయింది?"

"మేడమ్ ఒప్పుకోదు."

"మీ మేడమ్ ఇంట్లో వంట చేస్తోందా? నాలుగేళ్ళు ఓపిక పడితే ఆయన రిటైరవుతాడు. ఇప్పుడు తెలిసిందంటే బల్ల దగ్గర పడేస్తారు."

బల్ల అంటే ఫిర్యాదుల బల్ల. నడుం పట్టేసినవాళ్ళనీ, మోకాళ్ళు అరిగినవాళ్ళనీ అక్కడ ఫోను ముందు కూర్చోబెడతారు. నాన్న దాన్ని అటక అంటాడు, విరిగిన సామాను పడేసే చోటని. వినపడని మనిషిని ఫోను ముందు కూర్చోబెట్టేంత తెలివి ఆ ఆఫీసుకి ఉంది. కడ్డీ లేని నాన్నని ఊహించుకోలేకపోయాను. నిజం చెప్పొద్దూ, నీలం పెన్ను అప్పుడే చేతిలోకి తీసుకున్నాను.

మర్నాడు మేడమ్ 'ఏమీ లేదు' అని రాసిన ఇళ్ళని మాకు తలా ఒకటి పంచింది. వెళ్ళి చూసి రమ్మంది. నాకు దర్జీ షాపు వచ్చింది. షాపు నడిపే ఆవిడ నోట్లో గుండుసూదులు తీసి, నన్ను లోపలికి తీసుకెళ్ళింది. కింది అరలో గుడ్డలకి తడి మచ్చలు. నేల అడుగుపెడితే మెత్తగా దిగుతోంది. గోడ మూలలో పగులు ఉంది, అందులోకి తన కొలతల టేపు మూడు వేళ్ళ లోతు దూర్చి చూపించింది.

"మూడుసార్లు చెప్పానమ్మా. ఆ స్టెతస్కోపాయన మూడుసార్లూ వచ్చాడు. కడ్డీ పెట్టాడు, కళ్ళు మూసుకున్నాడు, ఏమీ లేదన్నాడు. నీ కప్పు కారుతోందేమో చూసుకోమన్నాడు. గోడ కూలి నా మీద పడితే అప్పుడు వింటాడేమో."

నేను ఆయన కూతుర్నని చెప్పలేదు. ఆ రాత్రి రోడ్డు మీద బళ్ళు తగ్గాక ఇంట్లో ఉన్న పాత కడ్డీ పట్టుకెళ్ళి గుమ్మం ముందు పెట్టి విన్నాను. మొదట ఏమీ లేదు. ఎడమకి జరిపితే, పక్కగదిలో ఎవరో పిల్లల్ని ఊరుకోబెడుతూ ష్ ష్ అంటున్నట్టు, ఆగకుండా వినపడింది. దగ్గర జాయింటు అక్కడికి పది అడుగుల దూరంలో ఉంది.

ఆదివారం పొద్దున్నే నాన్నని అక్కడికి తీసుకెళ్ళాను. ఎందుకని అడగలేదు. దర్జీ షాపు చూడగానే ముఖం మాడ్చుకుని, "ఇక్కడేమీ లేదు," అన్నాడు.

"పెట్టి చూడు నాన్నా," అని కడ్డీ వైపు వేలు చూపించాను.

పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు. "లేదు."

నేను కడ్డీ తీసుకుని విని, ఆయన ముఖానికి ఎదురుగా నిలబడ్డాను. "నాకు వినపడుతోంది నాన్నా," అన్నాను.

ఆయన షాపు మెట్టు మీద కూర్చున్నాడు. ఎవరితో చెప్పావని అడుగుతాడనుకున్నాను. ఎప్పట్నుంచి తెలుసు అంటాడనుకున్నాను.

"ఎలా ఉంది?" అన్నాడు. "సన్నంగా ఈలలాగా ఉందా, గరగరమంటోందా?"

"సన్నంగా."

"జానెడు ఎడమకి జరుపు."

"పెరిగింది."

"ఇంకో జానెడు."

"తగ్గింది."

"వెనక్కి రా. ఇప్పుడు కడ్డీ గట్టిగా నొక్కు. చప్పుడు మొనలోంచి వస్తోందా, చుట్టూతా వస్తోందా?"

"చుట్టూతా."

"పగులు పైపు అడుగున ఉంది. అందుకే నీళ్ళు పైకి రాకుండా గోడ కిందికి పోతున్నాయి." మెట్టు మీంచి లేవలేదు, నేలకేసి చూడలేదు, నా ముఖమే చూస్తున్నాడు. అన్నీ ఆయనకి తెలుసు, ఆ చప్పుడు ఒక్కటి తప్ప. నాకు ఏడుపొచ్చింది. ఏడవలేదు, ముక్కు ఎగబీలిస్తే కడ్డీలో ఇంకేమీ వినపడదు.

చాక్‌పీసు నా చేతికిచ్చాడు. నా ఇంటూ వంకరగా వచ్చింది, ఆయన దిద్దలేదు. ఇంటికి తిరిగొస్తుంటే ఆయనకి ఎదురుగా ఆగి, పటంలో చుక్కల సంగతి చెప్పి, రంగులు ఏం చెయ్యమంటావని అడిగాను.

"మీ మేడమ్ ఎన్ని వెయ్యమంది?"

"రెండు."

"మరి నన్నడగడం దేనికి?"

సోమవారం మేస్త్రి తవ్వించాడు. పైపు అడుగున, ఆయన చెప్పినట్టే, బెత్తెడు పగులు. రిజిస్టర్ల పని అప్పటికే ముగిసింది కాబట్టి దానికి పటంలో చుక్క లేదు. నేను పటంలో రెండు రంగులూ ఉంచేశాను. అమ్మ రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.

శుక్రవారం కాలేజీ హాల్లో మా పటాలు గోడకి తగిలించారు. నీటి ఆఫీసు ఇంజనీరుగారు వచ్చారు. నాన్న ముందువరసలో ఇస్త్రీ చొక్కాతో కూర్చున్నాడు. మేము తెచ్చుకున్న రిజిస్టర్లు తిరిగి ఇవ్వాలని మేడమ్ బల్లమీద పేర్చింది, ఆ వారం రాసిన రిజిస్టరు కూడా ఆఫీసువాళ్ళు తెచ్చి వాటి పైన పెట్టారు. నేను నా వీధుల గురించి చెప్పాను. నీలం ఎన్ని, ఎరుపు ఎన్ని, ఏవి ఎక్కడ, అంతే. ఎందుకు అన్నది చెప్పలేదు. నోట్లో నీళ్ళు నములుతూ దిగిపోదామనుకున్నాను.

ఇంజనీరుగారు పటం ముందుకెళ్ళి వేలు పెట్టి చూశారు. ఆయన ముఖం వెలిగిపోయింది.

"చూశారా, పిల్లలు ఎంత పని చేసిపెట్టారో. రెండేళ్ళుగా జాయింట్లలో తప్ప ఎక్కడా కారడం లేదు. పైపులు మార్చక్కర్లేదు, జాయింట్లు బిగిస్తే చాలు. మధ్యలో కారుతోందని ఫిర్యాదు వస్తే ఇక తవ్వే పని లేదు. ఊరంతా ఇదే పద్ధతి పెడదాం."

హాలంతా చప్పట్లు కొట్టింది. నాన్న కూడా కొట్టాడు, పక్కవాళ్ళు మొదలుపెట్టిన అరక్షణం తరవాత. ఒక్క మనిషికి వినపడకపోతే అది ఊరందరికీ పద్ధతి అయిపోతోంది, దాన్ని పటం గీసి ఇచ్చింది నేను. దర్జీ షాపు గోడ కళ్ళముందు కనిపించింది.

నాన్న నా ముఖం చూశాడు. "ఏమన్నారు?" అని పెదవులు కదిలించాడు.

నేను అందరిముందూ గట్టిగా, ఒక్కో మాటా విడిచి చెప్పాను. "పైపు మధ్యలో ఎక్కడా కారదంటున్నారు నాన్నా. అక్కడ ఇక తవ్వొద్దంటున్నారు."

నాన్న లేచి పటం దగ్గరికొచ్చాడు. ఎర్ర చుక్కలు ఒక్కొక్కటీ చూశాడు, దొంగతనం చేసిన ఇళ్ళని గుర్తుపడుతున్న మనిషిలాగా. అప్పుడు మామూలు కంటే పెద్ద గొంతుతో, "ఇవి విని పెట్టినవి కావండి," అన్నాడు. "జాయింట్లు నాకు గుర్తు కాబట్టి పెట్టినవి. రెండేళ్ళుగా నాకు వినపడటం లేదు."

"మరి... ఏదైనా మధ్యలో కారినట్టు ఆధారం..." అని ఇంజనీరుగారు నసిగారు. నాన్నకి అది వినపడలేదు. అయినా ఏం అడుగుతారో తెలిసినట్టు, "మొన్న సోమవారం దర్జీ షాపు ముందు తవ్వించాం. రిజిస్టర్లో రాశాను," అన్నాడు.

మేడమ్ పైనున్న రిజిస్టరు తీసి, ఆ పేజీ తెరిచి ఇంజనీరుగారి ముందు పెట్టింది. తేదీ ఉందో లేదో ముందు చూసుకుంది. ఉంది. ఆయన గడులు ఒక్కొక్కటీ చదివారు. చోటు, దర్జీ షాపు గుమ్మం ఎడమపక్క. జాయింటు నుంచి పది అడుగులు. పైపు అడుగున పగులు. చివరి గడి దగ్గర ఆగిపోయారు. నేను పక్కనుంచి తొంగిచూశాను.

అంటే నాన్న సోమవారమే చెప్పేశాడు. ఆఫీసులో ఎవరైనా తీసి చదివి ఉంటే నాలుగురోజుల కిందటే తెలిసి ఉండేది. విన్నవారు అన్న గడిలో ఆయన సంతకం లేదు. గుండ్రంగా, కుదురుగా, 'మా అమ్మాయి' అని రాసి ఉంది.