కుడిపక్క బీడింగు

పొద్దున లేవగానే వెంకటనర్సు చేసే మొదటి పని కారు చుట్టూ తిరిగి రావడం. రామన్నపేటలో వాళ్ల మగ్గం ఇంటి పక్కన రేకుల కొట్టంలో, మందపాటి తార్పాలిన్ కింద ఉండేది ఆ పాత నీలిరంగు ఫియట్. తార్పాలిన్ మూల ఎత్తి, టార్చిలైటు వేసి, ముందు దీపాల నుంచి వెనక డిక్కీ దాకా చూసేవాడు. ఎక్కడా ఏమీ కాలేదని తేల్చుకున్నాక వంటింటి గడప దగ్గరికొచ్చి అడిగేవాడు.

“ఆండాళూ, ఒళ్లు మంచిగున్నదా?”

“మంచిగనే ఉన్న,” అనేది భార్య, పొయ్యి ఊదుకుంటూ. ఆ మాట విన్నాకే ఆయన చాయ్ ముట్టేవాడు.

చీరల మూటలు హైదరాబాదు చేరవేయడానికని ఆ కారు కొన్నాడు. అది ఇంటికొచ్చిన వారంలోనే పక్కింటి గాలయ్య మేక ఎడమ తలుపును కొమ్ముతో గీరింది. ఇంట్లో బియ్యం చెరుగుతున్న ఆండాళు ఎడమ మోచేతి మీద అదే వంకరతో గీత లేచింది. తర్వాత బోనెట్ మీద సర్వపిండి గిన్నె ఎవరో వేడివేడిగా పెడితే ఆమె నుదురు బొబ్బలెక్కింది. ఇంకేముంది, ఊరికంతా తెలిసిపోయింది. మేకలను ఆ వీధిలోకి తోలడం మానేశారు. పిల్లలు గిల్లీదండ ఆట ఇంకో వాడకు మార్చుకున్నారు. పెండ్లి ఊరేగింపులు ఆ ఇంటి ముందు పటాకులు కాల్చకుండా సాగిపోయేవి. ఎందుకిట్లా అని అడిగినవాళ్లు లేరు. కొందరికి వాన వచ్చే ముందు మోకాళ్లు గుంజుతాయి; ఆండాళుకు కారు ఉంది, అంతే.

వెంకటనర్సు మాత్రం భయపడిపోయాడు. కారు నడపడం మానేసి మూటలు బస్సులో వేసుకుని పోయేవాడు. ఆండాళు ఎటన్నా పోతానంటే, “కారు గీడ, నువ్వు గాడ. ఏమన్న అయితే ఎవలు చూస్తరు?” అనేవాడు. అట్లా ఏండ్లు గడిచాయి. కారు కొట్టం దాటలేదు. ఆమె వాడ దాటలేదు.

ఆ యేడు ముసురు విడవకుండా పట్టింది. ఒకనాడు రవిక తొడుక్కుంటుంటే ఆండాళుకు కుడిపక్క చురుక్కుమంది. చంక కింది నుంచి తుంటి దాకా, బొటనవేలంత వెడల్పున, చర్మం కింద ఎర్రని గీత. రెండు రోజుల్లో అది ఉబ్బింది. రాత్రికి జ్వరం. వెంకటనర్సు తార్పాలిన్ ఎత్తి కారు కుడిపక్క చూశాడు. ఆ పొడుగునా అందానికి బిగించిన మెరిసే స్టీలు పట్టీ, బీడింగు ఉంది. దాని కింది అంచు వెంబడి గోధుమరంగు నీరు కారి ఎండిన చారలు. బీడింగు వెనక తుప్పు తింటోంది.

నల్లగొండ పెద్ద దవాఖానలో డాక్టరు కారు సంగతి విని, గీతను వేలితో నొక్కి చూసి, ఇంజెక్షన్ ఇచ్చి, మాత్రలు రాశాడు. తర్వాత వెంకటనర్సు వైపు తిరిగాడు.

“ఇది జ్వరాన్ని ఆపుతుంది గానీ పుండును ఆపదు. ముందు ఆ బీడింగు తీయించండి. తుప్పు రేకు అవతలి దాకా పోయిందంటే నేను చేయగలిగేది ఏమీ ఉండదు. తీసేటప్పుడు రంగు లేవకూడదు, జాగ్రత్త.”

చిట్యాలలో పెద్దరోడ్డు పక్కన మెహమూద్ షెడ్డు ఉంది. కార్లకు సొట్టలు తీస్తాడు, రంగులు వేస్తాడు. షెడ్డు వెనకనే ఇల్లు, మధ్యలో గోనెపట్టా పరదా. వెంకటనర్సు కారును ఎద్దుల బండి కన్నా మెల్లగా నడిపించుకుని మధ్యాహ్నానికి అక్కడికి చేరాడు. గుంత వచ్చినప్పుడల్లా వెనక సీట్లో ఆండాళు పండ్లు బిగపట్టింది.

మెహమూద్ సంగతి విన్నాడు. కారు వైపు చూశాడు, సీట్లో వాలిన ఆండాళు వైపు చూశాడు. చేతిలోని స్క్రూడ్రైవర్‌ను తీసి దూరంగా బల్ల మీద పెట్టేశాడు.

“నాతోని కాదు నర్సన్నా. రేకయితే చెయ్యి వేస్త. మనిషి పానం మీద ఎట్ల వేస్త? జర చెయ్యి జారిందంటే ఏం జవాబు చెప్పాలె?”

పరదా పక్కన నిలబడిన అతని భార్య హలీమా ముందుకొచ్చింది. “అక్కను లోపలికి తీసుకపోత. పక్కన కూసుంట. యాడ నొస్తదో ఆమె చెప్తది, నేను కేకేస్త. నువ్వు ఆడ ఆపు. తియ్యకపోతే ఏమయితదో డాక్టరు చెప్పనే చెప్పిండు గద!”

మెహమూద్ నీళ్ల బకెట్ తెచ్చి కారు కుడిపక్కంతా కడిగాడు. ఒక్క ఇసుక రేణువు మిగిలినా అదే గీరుతుందన్నాడు. తుడిచి, ఆరాక, బీడింగుకు పైనా కిందా రంగు మీద కాగితం టేపు అంటించాడు. అంచుల్లోకి దూదితో కిరసనాయిలు వదిలాడు. లోపల మంచం మీద పడుకున్న ఆండాళు, “సల్లగున్నది,” అంది. హలీమా అదే మాట బయటికి కేకేసింది.

తలుపుల దగ్గర పని తేలికగానే అయింది. లోపలి అట్టలు విప్పి, చెయ్యి దూర్చి, బీడింగును పట్టుకున్న క్లిప్పులను వెనక నుంచి ఒక్కొక్కటే నొక్కాడు. ఆండాళుకు డొక్కలో ఎవరో గిలిగింత పెట్టినట్టయి, అంత జ్వరంలోనూ నవ్వొచ్చింది. హలీమా కూడా నవ్వేసింది. ముందు చక్రం పైన ఉన్న ముక్క మొండికేసింది. అక్కడ వెదురు చీలికకు మెత్తటి గుడ్డ చుట్టి, సరిగ్గా క్లిప్పు ఉన్నచోటే కింద పెట్టి, వెంట్రుకవాసి పైకి లేపాడు. మళ్లీ అవతలి క్లిప్పు దగ్గర వెంట్రుకవాసి.

“నొస్తదా?” మెహమూద్ కేక.

“గుంజుతాంది, గానీ నొస్తలేదు!” హలీమా జవాబు.

టక్కుమని ఊడింది. వెంకటనర్సు చెమట తుడుచుకున్నాడు.

వెనక చక్రం పైన ఉన్న ముక్కతో వచ్చింది తంటా. దానికి లోపల నుంచి చెయ్యి పోయే జాగా లేదు. పైగా పాత యజమాని ఎవరో క్లిప్పులు విరిగితే సొల్యూషన్ బంకతో అంటించాడు. అది రాయిలా గట్టిపడింది. మెహమూద్ వేడినీళ్లలో ముంచిన గుడ్డ వేసి బంకను మెత్తబరిచాడు. చీలిక పెట్టి, ఊపిరి బిగబట్టి, లేపబోయాడు.

సరిగ్గా అప్పుడే రోడ్డు మీద లారీ ఒకటి చెవులు పగిలేలా హారను మోగించింది. చీలిక జారింది. కాగితం టేపు చినిగి, నీలిరంగు మీద సన్నని తెల్లగీత పడింది.

పరదా వెనక నుంచి ఆండాళు అరుపు. ఆ వెంటనే హలీమా గొంతు: “నెత్తురు! నెత్తురొస్తాంది!”

వెంకటనర్సు ఒక్క ఉరుకున వచ్చి మెహమూద్ చెయ్యి పట్టి లాగాడు. “ఇగ చాలు! ఊడింది మళ్ల పెట్టు. ఇంటికి తీసుకపోయి కప్పి పెట్టుకుంట. ఎవలనూ ముట్టనియ్య!”

మెహమూద్ మొహం పాలిపోయింది. అయినా గొంతు పెంచలేదు. “నర్సన్నా, సగం ఊడింది. గిట్లనే వదిలితే వాన నీళ్లు నిండుతయి. ఒక మాట అడుగుత, కోపం చెయ్యకు. గీ కారు ఎండ చూసి ఎన్ని రోజులాయె?”

“ఎండలో పెడితే ఆమెకు కాలదా?”

“కాలదు. ఎచ్చగయితది. తార్పాలిన్ కింద చెమ్మ ఎటూ పోలే. గందుకే తుప్పు. కారు తిరగాలె, గాలి తగలాలె. నువ్వు కాపాడుదామనే కప్పినవు. కప్పినందుకే ఇట్లయింది.”

వెంకటనర్సు మెహమూద్ చెయ్యి వదిలేశాడు.

పరదా కదిలింది. తుంటి మీద గుడ్డ అదిమి పట్టుకుని, గోడ ఆసరాతో ఆండాళు బయటికి వచ్చింది. వచ్చి కారు పక్కన కింద కూర్చుంది.

“నేను తీస్త,” అంది.

“నువ్వా? పిచ్చిగిన లేసిందా?” అన్నాడు భర్త.

“నొచ్చేది నాకు. ఆయన కేకేసి, నేను చెప్పి, హలీమా మళ్ల కేకేసే లోపల అయ్యేది అయిపోతాంది. యాడ పట్టుకున్నదో నాకు లోపల తెలుస్తాంది. మెహమూద్ తమ్మీ, వెదురు వద్దు. వేరే ఏమన్న ఉన్నదా?”

మెహమూద్ ఆలోచించాడు. “దారం ఉంటే బంకను కోసుకుంట పోవచ్చక్కా. గానీ తెగకూడదు.”

వెంకటనర్సు భుజాన సంచిలో పేనిన పట్టుదారం ఎప్పుడూ ఉండేది. తీసి ఇచ్చాడు. ఆండాళు దాన్ని నాలుగు పేటలు చేసి బీడింగు వెనకకు పోనిచ్చింది. రెండు కొనలనూ రెండు చేతులకు చుట్టుకుని అటూ ఇటూ లాగడం మొదలుపెట్టింది. కళ్లు మూసుకుంది. దారం రంగు వైపు ఒరిగితే తుంటి మీద మంట. వెంటనే కొనను స్టీలు వైపు తిప్పేది. మంట ఆగేది. మెహమూద్ వేడిగుడ్డ మారుస్తూ పోయాడు. హలీమా ఆమె నుదుటి చెమట తుడుస్తూ పోయింది. మధ్యలో ఒకసారి ఆండాళు పెదవి కొరుక్కుని అట్లాగే ఆగిపోయింది. వెంకటనర్సు ముందుకు వంగాడు. ఆమె తల అడ్డంగా ఊపి మళ్లీ లాగింది.

చివరి బంక తెగి, బీడింగు ఆమె ఒళ్లో పడింది.

కింద తుప్పు ఉంది గానీ రేకును తొలిచేయలేదు. తుప్పు పట్టని చోటల్లా, ఏండ్ల తరబడి ఎండా గాలీ ఎరగని నీలిరంగు కొత్తగా మెరిసింది. మెహమూద్ తుప్పును ఓపిగ్గా తుడిచి ఎర్రరంగు పూత పూశాడు. అది ఆరుతుంటే ఆండాళుకు చందనం పట్టించినట్టయింది. జ్వరం దిగింది. హలీమా లోపలికి తీసుకుపోయి చూస్తే వాపు తగ్గింది. ఆ గీత పొడుగునా చర్మం పదహారేండ్ల పిల్లదానిలా నున్నగా ఉంది. క్లిప్పులున్న చోట మాత్రం టీకా మచ్చల్లాంటి చిన్న చుక్కలు మిగిలాయి.

“బీడింగు మళ్ల పెట్టాల్నా?” అడిగాడు మెహమూద్.

“అక్కర్లేదు,” అంది ఆండాళు.

పోయేటప్పుడు వెంకటనర్సు స్టీరింగు ముందు కూర్చున్నాడు. బండి రెండుసార్లు ఆగిపోయింది. ఆండాళు దిగి అతని వైపు తలుపు తెరిచింది.

“జరుగు. నేను నడుపుత.”

“నీకు వస్తదా?”

“ఇన్నేండ్లాయె, దీని మంచీచెడూ నా ఒంటి మీదనేనాయె. ఎట్ల రాదు?”

నిజంగానే వచ్చింది. కారు ఎంత వెడల్పో తన భుజాలెంతో తెలిసినంత బాగా తెలిసింది ఆమెకు. గేరు ఎప్పుడు మార్చాలో ఊపిరి చెప్పింది. రామన్నపేట బజారులో అంగళ్ల మధ్య నుంచి, ఎవరికీ తగలకుండా, జనంలో మనిషి ఒదిగి నడిచినట్టు నడిపింది. కూరగాయలమ్మే నర్సింగమ్మ తట్ట పక్కకు జరుపుకుని, “ఆండాళు బయటికొచ్చింది,” అని మాత్రం అంది.

ఆ రోజు నుంచి తార్పాలిన్ తీసేశారు. కారు రోజూ కాసేపు ఎండలో నిలబడేది, రోజూ కొంతదూరం పోయేది. వెంకటనర్సు మాత్రం ఆమె పోయినప్పుడల్లా మగ్గం ఆపి గుమ్మంలో కూర్చునేవాడు.

ఎండాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం అదే వాడలోని బీరమ్మ ఏడ్చుకుంటూ వచ్చింది. ఆమె కూతురికి నొప్పులు మొదలయ్యాయి, మంత్రసాని తనవల్ల కాదంది, బస్సు అప్పుడే పోయింది. వెంకటనర్సు ఏదో అనేలోపే ఆండాళు తాళంచెవి అందుకుంది.

నల్లగొండ దారిలో, రోడ్డు ఇరుకైన చోట, ఎదురుగా గడ్డి లారీ వచ్చింది. రోడ్డంతా దానిదే. ఎడమపక్క తుమ్మకంప, గోడలా. వెనక సీట్లో ఆ పిల్ల కేకలు పెడుతోంది. ఆగి, వెనక్కి పోయి, లారీకి దారి ఇచ్చేంత సమయం లేదు. ఆ కంప ఏం చేస్తుందో ఆండాళుకు బాగా తెలుసు. స్టీరింగు ఎడమకు తిప్పింది.

భుజం నుంచి మణికట్టు దాకా ఎడమ చెయ్యి చీరుకుపోయింది. ఆమె కారు ఆపలేదు.

దవాఖానలో ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా మంచిగానే ఉన్నారు. నర్సు ఆండాళు చేతికి కట్టు కట్టింది గానీ పోట్లు తగ్గలేదు. ముళ్లు విరిగి లోపలున్నాయేమోనని ఎంత వెతికినా ఒక్కటీ కనబడలేదు. అవి బయట ఉన్నాయి, కారు తలుపుల సందుల్లో, అద్దాల రబ్బర్లలో.

సాయంత్రం బీరమ్మ పసిదాన్ని ఆండాళు ఒళ్లో పెట్టింది. పిల్ల పిడికిలి చూస్తూ కూర్చున్న ఆండాళుకు మోచేతి దగ్గర ఒక పోటు ఆగినట్టనిపించింది. కాసేపటికి దాని కింద ఇంకొకటి. ఎవరో ముల్లు వెంట ముల్లు, గీరకుండా, తొందరపడకుండా, నిలువుగా పట్టి తీస్తున్నారు. ఒక్కొక్కటి తీశాక ఆ చోట వేలితో అద్దుతున్నారు.

“ఎవలొచ్చిండ్రు?” అంది బీరమ్మ, ఆమె మొహం చూసి.

“మా ఆయన,” అంది ఆండాళు, కిటికీ అవతల నిలిపిన కారు వైపు కూడా చూడకుండా.