చెప్పులు విప్పించిన పూజ

నిజం మాత్రమే చెప్పి కూడా మనిషి తప్పు చేయగలడా అన్న సందేహం నాకు తొమ్మిదేళ్లుగా ఉంది. తిరుపతిలో ఒకసారి ప్రవచనం అయ్యాక ప్రసాదం పంచుతున్న పెద్దాయనను అడిగాను. "నిజం చెప్పడంలో తప్పేముంది నాయనా" అని నా చేతిలో పులిహోర పెట్టి పక్కవాళ్ల వైపు తిరిగాడు. పులిహోర తిన్నాను. సందేహం అలాగే ఉండిపోయింది.

నా పేరు కోదండం. పాకాలలో చిత్తూరు రోడ్డు మీద గేట్లు, గ్రిల్లులు చేసే షాపు ఉంది. పదో తరగతితో చదువు ఆపేశాను. వెల్డింగ్ నాకు పెద్దగా రాదు. కొలతలు తీయడం, ఇనుము తేవడం, పని చేయించడం నా వంతు. ఆ రోజుల్లో మా షాపులో వెల్డరు దయానంద్. పొద్దున వచ్చీరాగానే పని మొదలుపెట్టేవాడు కాదు. కేబులు పొడవునా చెయ్యి పోనిచ్చి ఎక్కడైనా చిట్లిందేమో చూసేవాడు. అతుకు పెట్టే చోటుకు దగ్గరగా ఇనుము మీద తుప్పు గీకి, అక్కడే ఎర్త్ క్లాంపు తగిలించేవాడు. వారానికొకసారి ప్లగ్గు పీకి, కాసేపు ఆగి, మిషన్ మూత విప్పి లోపలి దుమ్ము ఊదేవాడు.

"దుమ్ము ఊదేదానికా నీకు కూలి ఇచ్చేది" అనేవాణ్ని.

"లోపల ఇనప పొడి చేరితే మిషన్ మనల్ని ఊదేస్తాదన్నా" అని నవ్వేవాడు.

మా నాయన కాలం నుంచి షాపులో ఒక ఆచారం ఉంది. ఆయుధపూజ రోజు పనివాడికి తమలపాకులో పెట్టి ఒక జత కొత్త తోలు గ్లౌజులు ఇవ్వాలి. ఏడాది పొడవునా అవే వాడతాడు, మళ్లీ పూజ నాటికి అవి చిల్లులు పడతాయి. దయానంద్ చర్చికి వెళ్లే మనిషి. కుంకుమ పెట్టుకోడు. గ్లౌజులు మాత్రం రెండు చేతులా తీసుకునేవాడు.

ఆ ఏడు నేను కొత్త మిషన్ కొన్నాను. పాతది మనిషంత బరువు. ఇది చిన్న ట్రంకు పెట్టెంత ఉంటుంది, పక్కన గాలి తగలడానికి సన్నని చీలికలు, వెనక ఫ్యాను. కొత్త మిషన్‌కు మొదటి పూజ కదా అని చుట్టాలను పిలిచాను. నా భార్య రంగనాయకమ్మ షాపు గచ్చంతా కడిగి ముగ్గు వేసింది. కలశంలోని పసుపు నీళ్లు నేను చేత్తో చిలకరించలేదు. దేవుడి విగ్రహానికి చేసినట్టు మిషన్ నెత్తి మీద ధారగా పోశాను.

"అన్నా, నీళ్లు పోయొద్దు. ఆ సందుల్లోంచి లోపలికి పోతాయి" అన్నాడు దయానంద్.

మిషన్ గురించి చెప్పిన మాట అది. నాకు మాత్రం మా పూజ గిట్టని మనిషి మాటలా వినబడింది. పైగా చుట్టాల ముందు. "ఇష్టం లేకుంటే పక్కన నిలబడు. మా దేవుళ్లకు నువ్వు నేర్పబల్లేదు" అన్నాను. తమలపాకులో పెట్టిన గ్లౌజులను ఎత్తి బీరువాలో పెట్టేశాను.

మర్నాడు ఒక గృహప్రవేశానికి గేటు ఇవ్వాలి. పూజ రోజు మధ్యాహ్నమే స్విచ్చి వేస్తే, కరెంటు లీకైతే లైను ఆపేసే ట్రిప్పర్ పడిపోయింది. మళ్లీ వేస్తే మళ్లీ పడింది.

"లోపల తడి ఉండాది. మూత ఇప్పి ఒక పొద్దంతా ఎండలో పెడదాం" అన్నాడు.

"గేటు లేకుండా వాళ్లు తడిక కట్టుకోవాల్నా?" అని, ట్రిప్పర్ పక్కన పెట్టి లైను నేరుగా మిషన్‌కు ఇచ్చేశాను. ఆ మాత్రం కరెంటు పని నాకు వచ్చు. దయానంద్ బూట్లతో లోపలికి అడుగు పెట్టాడు. "పూజ చేసిన చోటికి బూట్లతో వస్తావా? ఇప్పు" అన్నాను. నా వైపు ఒక నిమిషం చూసి విప్పాడు. గచ్చు ఇంకా ఆరలేదు. అతని పాత గ్లౌజుకు కుడి అరచేతిలో రూపాయి బిళ్లంత చిల్లు. కరెంటు తగ్గించే మర తిప్పడానికి వంగి, కుడి చేత్తో మిషన్ ఇనప పిడి పట్టుకున్నాడు.

అరవలేదు కూడా. వెనక్కి ఎగిరి గేటు చట్రం మీద పడ్డాడు. ప్రాణం దక్కింది. కుడి చెయ్యి విరిగి భుజం తప్పింది. పుత్తూరు తీసుకెళ్లి కట్టు కట్టించాం. ఎముక అతుక్కుంది గానీ, ఆ చెయ్యి భుజం దాటి పైకి లేవదు.

ఎలా జరిగిందని అడిగిన వాళ్లందరికీ నేను ఒకే మాట చెప్పాను. "కాళ్లకు చెప్పుల్లేవు. గ్లౌజు చినిగిపోయుండాది. అట్లే పోయి మిషన్ ముట్టుకున్నాడు." అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. బజారు దాటేసరికి ఆ మాట ఇంకోలా తయారైంది. పూజకు అడ్డం చెప్పినాడంట, అమ్మవారు కొట్టిందంట. అది నేను అనలేదు. కాదని కూడా అనలేదు.

నెలన్నర తర్వాత చేతికి వెదురు బద్దల కట్టుతోనే షాపుకు వచ్చాడు. "ఒక్క మాట చాలన్నా. నీళ్లు పోసింది నువ్వేనని నలుగురిలో చెప్పు. నాకు పని ఇచ్చేవాళ్లు లేరు."

"పూజ సంగతి నీకెందుకు" అన్నాను.

అన్నా అని అతను నన్ను పిలవడం అదే ఆఖరు. తర్వాత సొంతంగా చిన్న మిషన్ కొనుక్కున్నాడని, దూరపు పల్లెల్లో పని వెతుక్కుంటున్నాడని విన్నాను. ఇనుము అంగడిలో ఎదురుపడితే వీపు తిప్పేవాడు. అతని భార్య స్టెల్లా నన్ను చూస్తే, దారిలో ఏదో తొక్కినట్టు మొహం పెట్టి పక్కకు జరిగేది.

ఈ ఏడు ఆయుధపూజ నాలుగు రోజులుందనగా ఐరాల నుంచి హేమచంద్ర వచ్చాడు. చెరుకు రైతు. బెల్లం వండే చోట పెద్ద రేకుల షెడ్డు కట్టిస్తున్నాడు.

"కోదండప్పా, దయానంద్‌కు పని మాట్లాడినా. సామాన్లు కూడా దించినాడు. ఊర్లో వాళ్లేమో అమ్మవారు కొట్టిన చెయ్యి, ఆ చేత్తో షెడ్డు వద్దంటాండారు. నీ షాపులోనే గదా జరిగింది. నిజమేనా?"

నేను నా పాత మాటలు మూడూ చెప్పాను. చెప్పుల్లేవు, గ్లౌజు చినిగింది, ముట్టుకున్నాడు. నోరు దానంతట అదే చెప్పేసింది.

"ఇదే మాట రేపు కాణిపాకంలో ప్రమాణం చేసి చెప్తావా? చెప్తే ఆయప్పను పంపించేసి పని నీకే ఇస్తా. అంతంత మాత్రం పని కాదు, ఇరవై స్తంభాలు."

"చెప్తా" అన్నాను.

రాత్రి అన్నం పెడుతూ రంగనాయకమ్మ అంతా విన్నది. మజ్జిగ పోసి గిన్నె కింద పెట్టింది. "ఆ పొద్దు గచ్చు కడిగింది నేను. నన్ను కూడా పిలుచుకుపో. తడి ఉన్నింది నిజమేనని నేనూ ప్రమాణం చేస్తా" అన్నది.

"నీదేం తప్పు?"

"నాదీ ఏం లేదు, నీదీ ఏం లేదు. మరి ఆ మనిషి చెయ్యి ఎట్లా పోయినట్టు?" అని గిన్నెలు ఎత్తుకుని లోపలికి పోయింది.

కాణిపాకంలో అబద్ధపు ప్రమాణం చేసినవాణ్ని వినాయకుడు వదలడని మా వైపు అందరికీ నమ్మకం. నాకూ నమ్మకమే. అయినా, రంగనాయకమ్మను పిలవకుండా ఒక్కణ్నే ఎక్కిన బస్సులో నాకు భయం వేయలేదు. నేను చెప్పబోయేది అబద్ధం కాదు కదా. భయం వేయకపోవడమే కొంచెం వింతగా అనిపించింది.

గుడి ముందు టెంకాయల అంగళ్ల దగ్గర ముగ్గురూ నిలబడి ఉన్నారు. హేమచంద్ర, దయానంద్, స్టెల్లా.

"రాండి రాండి. సత్యం మోసుకోని వచ్చినాడు, బరువుగా ఉంటాది, చెయ్యి పట్టుకోండి" అన్నది స్టెల్లా.

"నువ్వు ఊరికే ఉండు" అన్నాడు దయానంద్. తర్వాత నా వైపు తిరిగాడు. తొమ్మిదేళ్లలో మొదటిసారి నా కళ్లలోకి చూశాడు. "పో కోదండం. ధైర్యంగా పో. నువ్వు అబద్ధం చెప్పే మనిషివి కాదని నాకు తెలుసు. నిన్ను దేవుడు కూడా ఏం చెయ్యలేడు."

"ఏందప్పా ఆ మాటలు, గుడి ముందర" అన్నాడు హేమచంద్ర.

"తిట్టలేదు గదా. మెచ్చుకుంటాండా."

నేను స్టాండులో చెప్పులు విడిచి మెట్ల వైపు నడిచాను. స్నానాలు చేసి తడి బట్టలతో వచ్చేవాళ్ల వల్ల బండలన్నీ నీళ్లు. అరికాలి కింద చల్లగా తగిలింది. ఒక అడుగు వేశాను. రెండో అడుగు వేశాను. వట్టి కాళ్లు, తడి బండ. ఆ రోజు దయానంద్ నా వైపు చూసిన ఆ ఒక్క నిమిషం గుర్తొచ్చింది. అతనికి తెలుసు. తెలిసే విప్పాడు. నేను ఇచ్చే కూలి కోసం, నా మాట కోసం విప్పాడు.

లోపలికి పోతే ఆ మూడు మాటలూ నిలబడతాయి. దేవుడు నాలుగోది అడగడు. అడగనిది చెప్పకపోవడం అబద్ధం కాదని ఇన్నాళ్లూ నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను.

వెనక్కి తిరిగి వచ్చాను. చెప్పులు కూడా వేసుకోలేదు.

"హేమచంద్రా, నేను చెప్పింది నిజమే, సగం. చెప్పుల్లేవు, ఎందుకంటే నేనే ఇప్పిచ్చినా. గ్లౌజు చినిగింది, కొత్తవి ఇయ్యాల్సింది కోపంతో బీరువాలో పెట్టేసినా. మిషన్ మీద నీళ్లు పోసింది నేను. వద్దని ఈయన చెప్పినాడు. ట్రిప్పర్ పడిపోతాంటే లైను డైరెక్టుగా ఇచ్చింది నేను."

హేమచంద్ర కొంచెం సేపు తల గోక్కున్నాడు. "మరి అమ్మవారు?"

"అమ్మవారు ఏం చేసిందో నాకు తెలవదు. ఈ నాలుగూ చేసింది మాత్రం నేను."

టెంకాయలమ్మే ఆమె కూడా కొట్టడం ఆపి వింటున్నది. స్టెల్లా ఒక అడుగు ముందుకు వచ్చింది. "తొమ్మిదేండ్లు. మా ఇంట్లో పొయ్యి ఎట్లా వెలిగిందో అడుగు. అడగవు. ఇప్పుడు మొగోడి మాదిరి చెప్పేస్తే అయిపోయిందా?"

"కాలేదు" అన్నాను.

"ఇప్పుడు నేనేం చెయ్యాల? నీ కాళ్లు మొక్కాల్నా?" అన్నాడు దయానంద్. గొంతు పెంచలేదు. అదే ఎక్కువగా తగిలింది. హేమచంద్రను అడిగాడు. "షెడ్డు పని ఉండాదా, లేదా? అది చెప్పు. సామాన్ల బాడుగ ఊరికే పోతాంది."

"ఉండాది, ఉండాది. పో" అన్నాడు హేమచంద్ర. నా మొహం చూడకుండా బైకు తీశాడు.

ఆయుధపూజ రోజు షాపులో ముందు ప్లగ్గు పీకాను. పొడి గుడ్డతో మిషన్ తుడిచి, మూత మీద ఒక్క బొట్టు పొడి కుంకుమ పెట్టాను. దండ గోడకు మేకు కొట్టి వేశాను. కలశం నీళ్లు తులసికి పోశాను. ఇప్పటి వెల్డరు మునిచంద్ర బూట్లతోనే లోపలికి వచ్చి, నేనేమైనా అంటానేమోనని చూశాడు. గ్లౌజులు అతని చేతికిచ్చి నేను ఐరాల బస్సెక్కాను.

షెడ్డులో దయానంద్ ఎత్తు పరంజా మీద ఉన్నాడు. చెయ్యి పైకి లేవదు కాబట్టి అతుకే గుండెకెదురుగా వచ్చేటట్టు పలకలు కట్టుకున్నాడు. మిషన్ నేల మీద లేదు, నీడలో చెక్క మీద ఉంది. వెల్డింగ్ రాడ్లు తడి తగలకుండా మూత బిగించిన డబ్బాలో ఉన్నాయి. నన్ను చూసి, చేతిలో పట్టిన అతుకు పూర్తయ్యే దాకా దిగలేదు. దిగి, ముందు స్విచ్చి ఆపాడు.

"ఏమి?"

సంచిలోంచి బీరువాలో తొమ్మిదేళ్లున్న జత తీసి ఇచ్చాను. "ఆ ఏడు ఇయ్యాల్సినవి."

ఒక వేలు మడిచి చూశాడు. తోలు పెళుసుగా విరిగి కుట్టు ఊడింది. "ఇవి ఏసుకోమంటావా? ఈ తూరి ఎడమ చెయ్యి పోవాల్నా?"

"అవి దాచిపెట్టినానని చూపించేదానికి తెచ్చినా. ఏసుకునేవి ఇవి." కొత్త జత తీశాను. తమలపాకు పెట్టలేదు.

వాటిని లోపలి నుంచి తిరగేసి ఒక్కో కుట్టూ చూశాడు. అరచేతి దగ్గర గోటితో గీకి చూశాడు. "మిషన్‌కు స్నానం చేయించినావా ఈ పొద్దు?"

"లే. పొడి కుంకుమ."

అతని పాత గ్లౌజుల చిల్లులకు సైకిల్ ట్యూబు ముక్కలు అంటించి ఉన్నాయి. వాటిని విప్పి చెక్క మీద పెట్టాడు. ఎడమ చేతికి కొత్తది తొడుక్కున్నాడు. కుడిది తొడుక్కోవడానికి ఆ చేతిని కడుపుకు ఆనించి పట్టుకున్నాడు. సాయం చేద్దామని ఒక అడుగు వేశాను.

"ఆడే నిలబడు" అన్నాడు.

నిలబడ్డాను. ఒక్కో వేలూ లోపలి దాకా పోయేట్టు లాక్కున్నాడు. పిడికిలి మూసి తెరిచాడు. పరంజా ఎక్కి ముఖానికి తొడుగు దించుకుంటూ, "గ్లౌజుల బాకీ తీరింది, పో. ఈ వెలుతురు సూడొద్దు, కండ్లు పోతాయి" అన్నాడు.