లవంగనూనెలో దాగిన మాట

"నేనుండగా నీ మీద ఈగ వాలనివ్వనక్కా."

ఆ మాట అన్నవాడు రొట్టె కవర్ల ఫ్యాక్టరీలో నూనె నింపే గదిలో పనిచేస్తాడు. అందరూ వాణ్ణి నినాదం అని పిలుస్తారు. పొద్దున గేటు దగ్గర "శ్రమకు విలువలేని చోట శాంతి ఉండదు" అంటాడు. మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పుతూ "ఒకరి గాయం అందరి గాయం" అంటాడు. ఏ పుస్తకాల్లోవో ఏమో, అన్నీ కంఠతా వచ్చు.

వాడు నింపేది మట్టి గొట్టాల్లో. కంటికి ఆనవు, కుప్పపోస్తే తెల్లటి పిండిలా ఉంటాయి. ఆ పిండిని లవంగనూనెలో కలిపి, మూత బిగించి, పంపుతో గాలి లాగేయాలి. గొట్టాల్లో ఉన్న గాలి బుడగలు బుడగలుగా పైకొస్తుంది. బుడగలు ఆగాక వాల్వు తిప్పితే బయటి గాలి తోసుకొచ్చి నూనెను గొట్టాల్లోకి నెడుతుంది. మళ్లీ లాగాలి, మళ్లీ వదలాలి. ఆ మట్టి కలిసిన కవరులో రొట్టె పెడితే, నూనె రోజుకి కాస్త చొప్పున బయటికొస్తూ బూజు పట్టనివ్వదు.

వాల్వు తిప్పేటప్పుడు అక్కడ ఎవరూ నోరు విప్పకూడదు. విప్పితే ఆ మాట కూడా గొట్టాల్లోకి పోతుంది, తర్వాత ఎవరింట్లోనో తీరిగ్గా బయటికొస్తుంది. ఒకసారి పంపు మెకానిక్కు తుమ్మితే ఒక పేటలో రొట్టెలన్నీ నెల్లాళ్లు తుమ్మాయి. అందుకే పొగ తాగరాదన్న బోర్డు పక్కనే మాట్లాడరాదన్న బోర్డు కూడా ఉంది.

ఆ సాయంత్రం కార్మికుల ఐక్యత మీద సభ. ప్రధాన వక్త నినాదమే. ఇంకా ఒక్కసారే గాలి లాగాడు.

"ఒరే, బుడగలు ఇంకా వస్తున్నాయిరా. ఆగు," అంది పక్కనే ఉన్న లవంగం అక్క. కలపడం ఆవిడ పని. ఏ సబ్బుతో కడిగినా చేతులకు ఆ వాసన పోదు.

"సభ మొదలైపోతుందక్కా."

"సరుకు తేడా వస్తే నా మెడకే చుట్టుకుంటుంది. కలిపింది నేను కదా!"

"నేనుండగా నీ మీద ఈగ వాలనివ్వనక్కా," అంటూనే వాల్వు తిప్పేశాడు.

నూనె చాలావరకు బయటే ఉండిపోయింది. మాట మాత్రం లోపలికి పోయింది.

సభలో చప్పట్లు బాగానే పడ్డాయి.

ఆ కవర్లలో పెట్టిన రొట్టెలు మొదటిరోజు ముక్కు పగిలేంత ఘాటెక్కాయి. తర్వాత వాసన ఒక్కసారిగా పోయి, పచ్చగా బూజు లేచింది. బేకరీలవాళ్లు మండిపడ్డారు. మేనేజరు అందర్నీ వరసగా కూర్చోబెట్టి "కలిపిందెవరు?" అని అడిగాడు. అందరూ లవంగం అక్కను చూశారు. అక్క నినాదాన్ని చూసింది. నినాదం వంగి, బూటు లేసు విప్పి మళ్లీ కట్టుకున్నాడు.

ఆ రోజు ఒకరి గాయం ఒకరికే తగిలింది. అక్కను పనిలోంచి తీసేశారు.

మిగిలిన కవరు రోల్సును మేనేజరు మామూలు కవర్ల కింద చవగ్గా దుకాణాలకు అమ్మేశాడు. అప్పటినుంచి ఊళ్లో పొద్దున్నే రొట్టె విప్పితే చాలు, నినాదం గొంతు.

"ఏరా, రోజూ మా ఇంట్లో ఈగలు తోలుతున్నావు," అన్నాడు టీ కొట్టాయన. "ఒక్కటీ తగ్గలేదు."

వాడి సొంత ఇంట్లో అమ్మ రొట్టె కోస్తూ చెయ్యి ఆపింది.

"నీ గొంతేగా?"

"ఊఁ."

"ఎవరికిచ్చావురా మాట?"

"ఫ్యాక్టరీలో... ఒకక్కకి."

"మరి ఆవిడ మీద వాల్లేదుగా?"

వాడు మంచినీళ్లు తాగాడు. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా తాగుతూనే ఉన్నాడు.

ఆదివారం లవంగం అక్క ఇంటికి వెళ్లాడు. ఆవిడ పిల్లల గౌన్లకు గుండీలు కుడుతోంది. కిటికీకి రొట్టె కవరు ఒకటి కడిగి ఆరేసి ఉంది.

"మొదట పారేద్దామనుకున్నా," అంది తలెత్తకుండా. "మా పిల్ల పారెయ్యనివ్వలేదు. ఆ మాట వింటే గానీ నిద్రపోదు. ఈ మామయ్య ఎవరమ్మా, మనింటికెప్పుడొస్తాడు అని ప్రాణం తీస్తోంది. ఏం చెప్పమంటావు?"

"నన్ను క్షమించక్కా."

"క్షమిస్తే నీకు హాయిగా ఉంటుందిరా. నాకు నా పని కావాలి."

మర్నాడు వాడు పిండీ నూనే తనే కలిపి గాలి లాగాడు, బుడగలు ఆగేదాకా కదల్లేదు. వదిలాడు, మళ్లీ లాగాడు. చివరిసారి వాల్వు మీద చెయ్యి వేసి నోరు తెరిచాడు. పంపు మెకానిక్కు బోర్డు వైపు వేలు చూపించబోయి, వాడి మొహం చూసి ఆగిపోయాడు. గోల చేస్తున్న ఫ్యాను కట్టేసి వచ్చాడు, మాట స్పష్టంగా పడాలని.

కంఠతా వచ్చినవేవీ వాడికి గుర్తు రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పాడు.

కవర్లు ఊరంతా చేరాయి. గొట్టాలు ఈసారి నిండుగా ఉన్నాయి, నూనె నవంబరు పద్దెనిమిదిదాకా వస్తుంది, కాబట్టి ఏదీ తొందరపడలేదు. మొదటి పొద్దున మేనేజరు వంటింట్లో రొట్టె అంది: "సరుకు పాడుచేసింది లవంగం అక్క కాదు." రెండో పొద్దున: "తొందరపడి వాల్వు తిప్పింది నేను." ఆ రోజే వాణ్ణి గేటు బయట నిలబెట్టారు. వాడు ఏమీ అరవలేదు, అక్కడే నిలబడ్డాడు.

మూడో పొద్దున: "మీరడిగినప్పుడు లేసు కట్టుకుంటూ కూర్చున్నదీ నేనే."

"లేసేమిటండీ?" అంది మేనేజరు భార్య.

"ఆఫీసు గొడవలే. తిను."

"ఆఫీసు గొడవైతే నా వంటింట్లో ఎందుకు మాట్లాడుతోంది?"

బస్టాపుల్లో జనం "మీ ఇంట్లో ఎంతవరకొచ్చింది?" అని ఒకర్నొకరు అడుగుతున్నారు. మర్నాడు రొట్టె "అక్క పని అక్కకివ్వండి" అంది. అక్క బదులు కలిపే పనిలో చేరాల్సిన కొత్తమనిషికి, ఇప్పుడే రావద్దని ఫ్యాక్టరీనుంచి ఫోను వెళ్లింది.

ఆ తర్వాతి పొద్దున మేనేజరు కవరును ముట్టుకోలేదు. భార్యే విప్పి, ఆయన కంచం పక్కన పెట్టింది. లవంగాల వాసన, దాని వెనక తొణకని గొంతు:

"జవాబు నవంబరు పద్దెనిమిదిలోగా చెప్పండి."